ఈ.కోలై ప్రోటీన్‌లో ఎండోటాక్సిన్: పాలీమిక్సిన్ కాలమ్‌కు లొంగకపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బీఎల్21 రకం ఈ.కోలైలో హిస్-ట్యాగ్ (నికెల్‌ను పట్టుకునే హిస్టిడిన్ల తోక) ఉన్న 24 కిలోడాల్టన్ల ప్రోటీన్ తయారుచేశారు, దాని పీఐ (మొత్తం చార్జ్ సున్నా అయ్యే పీహెచ్) దాదాపు 9. నికెల్ కాలమ్ మీద శుద్ధి చేశాక జెల్ మీద ఒకటే బ్యాండ్. మాక్రోఫేజ్‌లకు (రోగనిరోధక కణాలకు) మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు వేస్తే టీఎన్ఎఫ్ (వాపు సంకేతమిచ్చే ప్రోటీన్) బాగా పెరిగింది. అనుమానం వచ్చి ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్ఏఎల్ పరీక్ష చేస్తే మిల్లీగ్రాముకు 800 ఈయూ (ఎండోటాక్సిన్ యూనిట్లు) తేలింది. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టారు, బఫర్లన్నీ ఆటోక్లేవ్ చేశారు, ఎండోటాక్సిన్‌ను పట్టుకునే పాలీమిక్సిన్-బి కాలమ్ మీద రెండుసార్లు పోశారు. అయినా 500 దగ్గరే ఆగిపోయింది. అయాన్ ఎక్స్‌చేంజ్ సంగతేమిటని, ఇంకో కంపెనీ పాలీమిక్సిన్ కాలమ్ కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. మీ ప్రోటీన్‌ను మళ్లీ నికెల్ కాలమ్‌కు ఎక్కించి, అది కాలమ్‌ను పట్టుకుని ఉండగానే 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్ కలిపిన చల్లని బఫర్‌తో బాగా కడగండి. ఆ తర్వాత డిటర్జెంట్ లేని బఫర్‌తో ఇంకా కడిగి, అప్పుడు ఎల్యూట్ చేయండి, అంటే ప్రోటీన్‌ను కాలమ్ నుంచి దింపుకోండి. మీరు చెప్పిన స్థాయికి ఇది చాలావరకు సరిపోతుంది. ఇప్పటికే శుద్ధి చేసి పెట్టుకున్న బ్యాచ్‌ను కాపాడుకోవాలంటే ట్రైటాన్ ఎక్స్-114తోనే ఫేజ్ సెపరేషన్ (రెండు పొరలుగా విడదీయడం) చేయవచ్చు, అదీ కింద రాస్తున్నాను.

ఇక పాలీమిక్సిన్ ఎందుకు పనిచేయలేదన్నది. ఎండోటాక్సిన్ అంటే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే లైపోపాలీశాకరైడ్, అంటే ఎల్‌పీఎస్. ఒక చివర లిపిడ్-ఎ ఉంటుంది, విషగుణమంతా దానిదే. దాని ఫాస్ఫేట్ గుంపుల వల్ల ఎల్‌పీఎస్‌కు మనం వాడే ఏ పీహెచ్ దగ్గరైనా నెగటివ్ చార్జ్ ఉంటుంది. మీ ప్రోటీన్ పీఐ 9 అంటే పీహెచ్ 7.4 దగ్గర దాని ఒంటి నిండా పాజిటివ్ చార్జే. రెండూ ఒక గొట్టంలో ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పాలీమిక్సిన్ కూడా లిపిడ్-ఎను పట్టుకునేది తన పాజిటివ్ చార్జ్‌తో, కొవ్వు తోకతో. కాబట్టి మీ కాలమ్‌లో జరిగింది పోటీ. విడిగా తిరుగుతున్న ఎల్‌పీఎస్‌ను రెసిన్ పట్టుకుంది, 800 నుంచి 500కి దిగింది అందుకే. ప్రోటీన్ గట్టిగా పట్టుకున్నది ప్రోటీన్‌తో పాటే కిందికి జారిపోయింది. రెండోసారి పోసినా, పదోసారి పోసినా అదే జరుగుతుంది. అసిడిక్ ప్రోటీన్ (పీఐ తక్కువున్నది), తక్కువ కాలుష్యం, రెసిన్ దగ్గర తగినంత సేపు ఆగే నెమ్మదైన ఫ్లో ఉన్నచోట ఆ కాలమ్ బాగానే పనిచేస్తుంది. పాలీలైసిన్ రెసిన్లూ అంతే. మీ దానిలా పీఐ ఎక్కువున్న బేసిక్ ప్రోటీన్‌కు మాత్రం వీటిని మొదటి అస్త్రంగా నేను ఎప్పుడూ చెప్పను. పైగా పాలీమిక్సిన్ కొద్దికొద్దిగా రెసిన్ నుంచి ఊడి శాంపిల్‌లోకి వస్తుంది, కణాలకు అది మంచిది కాదు.

ఫిల్టర్, ఆటోక్లేవ్ సంగతి రెండు మాటల్లో. 0.22 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాను ఆపుతుంది, ఎల్‌పీఎస్‌ను ఆపదు. 121 డిగ్రీల ఆటోక్లేవ్ బ్యాక్టీరియాను చంపుతుంది, చచ్చిన బ్యాక్టీరియా పొరలు బఫర్‌లోనే మిగిలిపోతాయి. బఫర్ స్టెరైల్ అయినంత మాత్రాన ఎండోటాక్సిన్ లేనట్టు కాదు.

కడిగే ముందు, మీ 500 నిజంగా 500యేనా చూసుకోండి. ఎల్ఏఎల్ అంటే హార్స్‌షూ క్రాబ్ రక్తకణాల నుంచి తీసిన ఎంజైముల వరస, ఒకదాన్నొకటి రేపుకుంటూ పోతాయి. మన శాంపిల్‌లో ఉన్న ప్రతిదీ వాటి పనిలో వేలు పెట్టగలదు. పీఎంఎస్ఎఫ్ లాంటి ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ మిగిలి ఉంటే ఆ ఎంజైములు అణిగిపోయి రీడింగ్ తక్కువ వస్తుంది. ఈడీటీఏ, డిటర్జెంట్, ఎక్కువ ఇమిడజోల్ (నికెల్ కాలమ్ నుంచి ప్రోటీన్‌ను దింపేది), పీహెచ్ తేడా, ఇవన్నీ రీడింగ్‌ను చెడగొడతాయి. మీ ప్రోటీనే ట్రిప్సిన్ తరహా ప్రోటియేజ్ అయితే ఎండోటాక్సిన్ లేకపోయినా రంగు వస్తుంది. సెల్యులోజ్ ఫిల్టర్ల నుంచి వచ్చే బీటా-గ్లూకాన్లు ఎల్ఏఎల్‌లోనే ఉన్న ఫ్యాక్టర్-జి అనే ఇంకో ఎంజైము దారిలో తప్పుడు పాజిటివ్ ఇస్తాయి. ఆ అనుమానం ఉంటే రీకాంబినెంట్ ఫ్యాక్టర్-సి కిట్ వాడండి, అందులో ఆ దారే ఉండదు.

అందుకని శాంపిల్‌ను కనీసం మూడు డైల్యూషన్లలో పెట్టండి, ప్రతిదానికీ స్పైక్ కంట్రోల్ పెట్టండి. స్పైక్ అంటే తెలిసినంత ఎండోటాక్సిన్‌ను శాంపిల్‌లో కలిపి, అందులో ఎంత తిరిగి కనబడుతోందో చూడటం. 50 నుంచి 200 శాతం మధ్య వస్తేనే ఆ డైల్యూషన్ నమ్మదగింది. డైల్యూషన్‌తో గుణించాక మూడు సంఖ్యలూ దగ్గరదగ్గరగా ఉండాలి. 1:10 దగ్గర 40, 1:100 దగ్గర 180, 1:1000 దగ్గర 500 వస్తే మొదటి రెండు చోట్లా ఏదో అడ్డుపడుతోందని అర్థం. బేసిక్ ప్రోటీన్లలో ఈ మెట్లు తరచూ చూస్తాను. ఎండోటాక్సిన్‌ను అవి కప్పేస్తాయి, పల్చబడేకొద్దీ బయటికి వస్తుంది. ఇంకో చిన్న సంగతి: ఎల్‌పీఎస్ ప్లాస్టిక్ గోడలకు, ముఖ్యంగా పాలీప్రొపిలీన్‌కు, అంటుకుపోతుంది. డైల్యూషన్లు గాజు గొట్టాల్లో చేసుకుని, ప్రతి మెట్టు దగ్గరా వోర్టెక్స్ మీద బాగా కలపాలి. వేలితో రెండుసార్లు తట్టి వదిలేస్తే స్టాండర్డ్ కర్వే నిలబడదు.

ఇప్పుడు అసలు పని.

కాలమ్ మీద కడగడం. ట్రైటాన్ ఎక్స్-114కు ఒక గుణం ఉంది. దాదాపు 22 డిగ్రీల కింద నీళ్లలో తేటగా కరిగి ఉంటుంది, ఆ పైన మబ్బుగా మారి విడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు దాని మైసెల్స్ (డిటర్జెంట్ అణువుల చిన్న గుంపులు) ఎల్‌పీఎస్‌ను ప్రోటీన్ మీంచి ఊడబెరికి తమలో కలుపుకుంటాయి. ప్రోటీన్ హిస్-ట్యాగ్‌తో రెసిన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎల్‌పీఎస్ మాత్రం వాష్‌తో పాటు వెళ్లిపోతుంది.

నేను చేసే పద్ధతి ఇది. లైసేట్ (కణాలను పగలగొట్టిన ద్రవం) ఎక్కించాక మామూలు వాష్, 20 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో. ఆ తర్వాత అదే బఫర్‌లో 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-114 కలిపి 50 కాలమ్ వాల్యూములు, అంటే 1 మిల్లీలీటరు రెసిన్‌కు 50 మిల్లీలీటర్లు. చాలామంది ఇక్కడ పది వాల్యూములతో సరిపెట్టేస్తారు, అది చాలదు. ఆ తర్వాత డిటర్జెంట్ లేని బఫర్‌తో కనీసం 20 వాల్యూములు. మీ బేసిక్ ప్రోటీన్‌కు డిటర్జెంట్ వాష్‌లో ఉప్పు కూడా పెంచండి, 500 మిల్లీమోలార్ నుంచి 1 మోలార్ సోడియం క్లోరైడ్ దాకా. నికెల్ పట్టుకు ఉప్పుతో ఇబ్బంది లేదు, కానీ ప్రోటీన్‌కు, ఎల్‌పీఎస్‌కు మధ్య ఉన్న చార్జ్ బంధం సడలుతుంది. కొవ్వు బంధాన్ని డిటర్జెంట్ చూసుకుంటుంది. ఈ రెండూ కలిస్తేనే మీ కేసులో ఫలితం. ఈడీటీఏ మాత్రం ఈ దశలో వేయకండి, నికెల్‌ను లాగేస్తుంది.

ఇదంతా కోల్డ్ రూమ్‌లో, 4 డిగ్రీల దగ్గర జరగాలి. మర్యాదకు చెప్పే మాట కాదిది. కాలమ్ బయట బల్ల మీద ఉండి, గది 26 డిగ్రీలు ఉంటే రెసిన్ పైభాగం పాలలా తెల్లబడటం కంటికే కనిపిస్తుంది. విడిపోయిన డిటర్జెంట్, దానిలో ఇరుక్కున్న ఎల్‌పీఎస్, రెండూ గుళికల మధ్య చిక్కుకుని ఎల్యూషన్‌లో తీరిగ్గా బయటికి వస్తాయి. ఉప్పు పెంచినప్పుడు మబ్బు పట్టే ఉష్ణోగ్రత ఇంకా కిందికి దిగుతుంది, అందుకే 1 మోలార్ ఉప్పుతో పనిచేస్తే చల్లదనం విషయంలో మరీ జాగ్రత్త. బఫర్ సీసా, కాలమ్, ట్యూబింగ్ మూడూ చల్లగా ఉండాలి. సీసా ఒక్కటి ఐస్‌లో పెట్టి మీటరు పొడవు ట్యూబింగ్ గదిలో వేలాడదీస్తే లాభం లేదు.

ఒక విద్యార్థి దగ్గర చూసిన కేసు: కీమోకైన్ తరహా చిన్న బేసిక్ ప్రోటీన్, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు, అయినా ఎండోటాక్సిన్ దిగలేదు. చివరికి తేలిందేమిటంటే కాలమ్ పాతది. అంతకుముందు అదే రెసిన్ మీద వేరే ఈ.కోలై లైసేట్లు ఎన్నో నడిచాయి. రెసిన్ నుంచి నికెల్‌ను ఈడీటీఏతో తీసేసి, 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, బాగా కడిగి, మళ్లీ నికెల్ ఎక్కించాక దారికొచ్చింది. మీ ప్రోటీన్ కణాల మీదికి వెళ్లేదైతే దానికి విడిగా కొత్త రెసిన్ కేటాయించడమే నయం. కాలమ్‌ను పంపుతో నడిపే ఎఫ్‌పీఎల్‌సీ యంత్రం వాడితే దాని లోపలి ట్యూబింగ్, లూప్, పంపులు కూడా సోడియం హైడ్రాక్సైడ్‌తో కడగాలి. మెషిన్ అందరిదైతే మీకు ముందు దానిలో ఎవరు ఏం నడిపారో మీకు తెలియదు కదా.

ఇప్పటికే ఎల్యూట్ చేసిన బ్యాచ్ ఉంటే. ఇక్కడ ఫేజ్ సెపరేషన్ పనికొస్తుంది. మెంబ్రేన్ ప్రోటీన్లను వేరుచేయడానికి బోర్డియర్ 1981లో వాడిన పద్ధతే ఇది, తర్వాత ఎండోటాక్సిన్‌కు వాడటం మొదలైంది. ప్రోటీన్‌ను మిల్లీలీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల దగ్గర ఉంచుకోండి. ట్రైటాన్ ఎక్స్-114ను ముందే 10 శాతం స్టాక్‌గా కలిపి చల్లగా పెట్టుకుంటే మేలు. ఎందుకంటే అసలు డిటర్జెంట్ పాకంలా ఉంటుంది, నేరుగా పైపెట్ చేస్తే కొలత కుదరదు. చివరికి 1 నుంచి 2 శాతం అయ్యేలా కలిపి, 4 డిగ్రీల దగ్గర అరగంట నెమ్మదిగా తిప్పండి. తేటగా ఉండాలి. తర్వాత 37 డిగ్రీల వాటర్ బాత్‌లో 10 నిమిషాలు పెడితే తెల్లగా మబ్బు పడుతుంది. వెంటనే స్పిన్ చేయండి, 10,000 జీ నుంచి 20,000 జీ మధ్య, 10 నిమిషాలు. సెంట్రిఫ్యూజ్ ముందే 25 నుంచి 30 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్‌లు ఎప్పుడూ 4 డిగ్రీల మీదే ఉంటాయి, అలవాటుగా దాన్లో పెడితే విడిపోయినదంతా మళ్లీ కరిగిపోతుంది.

స్పిన్ అయ్యాక ట్యూబ్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున నూనె బొట్టులా కొద్దిగా మెరిసే చిక్కని పొర ఉంటుంది, మీ ఎండోటాక్సిన్ ఉన్నది దానిలో. పైన తేట నీళ్లలా ఉన్నది మీ ప్రోటీన్. పైనుంచి నెమ్మదిగా తీసుకుంటూ, అడుగు పొర దగ్గరికి వచ్చేసరికి ఆపేయండి. చివరి పది శాతం ప్రోటీన్ కోసం ఆశపడి టిప్‌ను అడుక్కి దింపితే ఆ బొట్టులో కొంత పైకి వచ్చేస్తుంది, చేసిన పనంతా వృథా. తీసుకున్న పైపొరను మళ్లీ చల్లబరిచి, కొత్త డిటర్జెంట్ వేసి రెండోసారి చేయండి. మామూలుగా ఒక విడతలోనే 90 నుంచి 99 శాతం పోతుంది. రెండు విడతలు చేశాక మూడోది చేయాలా వద్దా అన్నది ఎల్ఏఎల్ చూసి తేల్చుకోండి, ప్రతి విడతకూ కొంత ప్రోటీన్ నష్టం తప్పదు.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. మీ ప్రోటీన్ 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు కూడా ఆగలేని సుకుమారమైతే, లేదా దాని మీద పెద్ద హైడ్రోఫోబిక్ (నీళ్లకు దూరం జరిగే) ముఖం ఉంటే, అది కూడా డిటర్జెంట్ పొరలోకి వెళ్లిపోతుంది. స్టోరేజ్ బఫర్‌లో గ్లిసరాల్ బాగా ఉంటే రెండు పొరలూ శుభ్రంగా విడిపోవు, ముందు డయాలిసిస్ చేసి తగ్గించుకోండి.

మిగిలిపోయిన డిటర్జెంట్ సంగతి మరిచిపోకండి. పైపొరలో కొంత ట్రైటాన్ ఎప్పుడూ మిగులుతుంది. అది కణాలను చంపుతుంది, ఎల్ఏఎల్‌లో రీడింగ్‌ను తక్కువగా చూపిస్తుంది. అంటే ఎండోటాక్సిన్ పోయిందని మీరు సంబరపడేది డిటర్జెంట్ కప్పేసినందువల్ల కావచ్చు. ట్రైటాన్ 280 నానోమీటర్ల దగ్గర కాంతిని పీలుస్తుంది కూడా, కాబట్టి నానోడ్రాప్‌లో ప్రోటీన్ ఎక్కువున్నట్టు కనబడుతుంది. ప్రోటీన్ కొలిచే బ్రాడ్‌ఫోర్డ్ పరీక్ష డిటర్జెంట్‌కు తడబడుతుంది, బీసీఏ పరీక్ష మేలు. డిటర్జెంట్ తీయడానికి బయో-బీడ్స్ ఎస్ఎం-2 వాడతారు, పనిచేస్తాయి, కాకపోతే కొన్ని ప్రోటీన్లు వాటికే అంటుకుంటాయి. మీకు హిస్-ట్యాగ్ ఉంది కదా, ఇమిడజోల్‌ను తగ్గించుకుని చిన్న కొత్త నికెల్ కాలమ్‌కు మళ్లీ ఎక్కించి, డిటర్జెంట్ లేని బఫర్‌తో కడిగి ఎల్యూట్ చేయడమే సులువు. ట్రైటాన్ పోతుంది, చివరి మలినాలు పోతాయి, బఫర్ మారుతుంది.

అయాన్ ఎక్స్‌చేంజ్ గురించి కూడా అడిగారు. బేసిక్ ప్రోటీన్‌కు దీన్ని రెండో మెట్టుగా నేను ఇష్టపడతాను. క్యూ-సెఫరోజ్ లాంటి, పాజిటివ్ చార్జ్ ఉన్న ఆనయాన్ రెసిన్ ఎల్‌పీఎస్‌ను గట్టిగా పట్టుకుంటుంది, మీ ప్రోటీన్ పీహెచ్ 7.5 దగ్గర పట్టుబడకుండా దిగిపోతుంది. వినడానికి బాగుంది. కానీ ఉప్పు తక్కువగా ఉంటే ప్రోటీన్ ఎల్‌పీఎస్‌ను భుజాన వేసుకునే దిగుతుంది, లేదా రెసిన్ మీది ఎల్‌పీఎస్‌కు అంటుకుని తనే ఆగిపోతుంది. ఎల్‌పీఎస్ క్యూ రెసిన్‌ను చాలా ఉప్పులోనూ వదలదు, అందుకని 150 మిల్లీమోలార్ ఉప్పుతో మొదలుపెట్టి చూడండి. అదే నెగటివ్ చార్జ్ ఉన్న ఎస్‌పీ కాటయాన్ రెసిన్ అయితే లెక్క తిరగబడుతుంది: ప్రోటీన్ ఆగుతుంది, ఎల్‌పీఎస్ వెళ్లాలి. అక్కడా ట్రైటాన్ ఎక్స్-114తో చల్లగా కడిగితేనే వెళ్తుంది. అసిడిక్ ప్రోటీన్లవాళ్ల కష్టం వేరు. వాళ్లకు ప్రోటీన్, ఎల్‌పీఎస్ రెండూ క్యూ మీదే ఆగుతాయి, ఉప్పు గ్రేడియెంట్‌లో ప్రోటీన్ ముందు వచ్చేలా నెమ్మదిగా విడదీసుకోవాలి.

సైజును బట్టి వేరుచేద్దామనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక ఎల్‌పీఎస్ అణువు 10 నుంచి 20 కిలోడాల్టన్లే, కానీ నీళ్లలో ఒంటరిగా ఉండదు. కాల్షియం, మెగ్నీషియం సాయంతో గుంపుకట్టి కొన్ని వందల నుంచి వెయ్యి కిలోడాల్టన్ల దాకా పోతుంది. కాబట్టి 10 కిలోడాల్టన్ల కాన్‌సన్‌ట్రేటర్‌లో మీ ప్రోటీన్‌ను చిక్కబరిస్తే ఎల్‌పీఎస్ కూడా దానితో పాటే చిక్కబడుతుంది. కాన్‌సన్‌ట్రేట్ చేయడం ఎండోటాక్సిన్‌ను తీసేశాకే, ముందు కాదు. 100 కిలోడాల్టన్ల ఫిల్టర్ గుండా మీ 24 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ను కిందికి దింపి గుంపులను పైన ఆపొచ్చు. గుంపుల్లో ఉన్నది ఆగుతుంది, ప్రోటీన్‌ను పట్టుకున్నది దిగుతుంది. జెల్ ఫిల్ట్రేషన్‌లోనూ ఇదే కథ, గుంపులు వాయిడ్‌లో, అంటే గుళికల రంధ్రాల్లోకి దూరకుండా, ముందే వెళ్లిపోతాయి. చివరి మెరుగుకు ఇవి మంచివే, వీటి మీదే ఆధారపడకండి.

ఇన్‌క్లూజన్ బాడీల (బ్యాక్టీరియా లోపల గడ్డకట్టిన ప్రోటీన్ ముద్దల) నుంచి తీసేవాళ్లు అదృష్టవంతులు. 8 మోలార్ యూరియాలో ప్రోటీన్ విప్పుకుని కాలమ్ మీద ఉండగా కడిగితే ఎల్‌పీఎస్‌కు పట్టుకోవడానికి మడతలే ఉండవు. మీ ప్రోటీన్ తిరిగి మడతపడేదైతే ఆలోచించండి. 60 శాతం ఐసోప్రొపనాల్ వాష్ కూడా వాడతారు, గట్టి ప్రోటీన్లు తట్టుకుంటాయి. మీది తట్టుకుంటుందో లేదో చిన్న మోతాదులో చూసుకోకుండా మొత్తం బ్యాచ్ మీద చేయకండి.

ఇంత చేశాక ఎండోటాక్సిన్‌ను మనమే తిరిగి కలపకూడదు. ఇల్లు అలకగానే పండగ కాదు అన్నట్టు, శుభ్రమైన ప్రోటీన్‌ను పాత బీకరులో ఉన్న బఫర్‌లోకి డయాలిసిస్ చేసి మొదటికి తెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువ తప్పులు జరిగేది నీళ్ల దగ్గర. డీఅయనైజ్డ్ నీళ్లు నిల్వ ఉన్న ట్యాంకులో బయోఫిల్మ్ పెరుగుతుంది, దాని నిండా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియానే. చివర అల్ట్రాఫిల్టర్ ఉన్న యంత్రం నుంచి అప్పటికప్పుడు పట్టిన నీళ్లు వాడండి, లేదా ఇంజెక్షన్ గ్రేడ్ నీళ్లు కొనండి. ఇంజెక్షన్ నీళ్లకు ఫార్మకోపియా పరిమితి మిల్లీలీటరుకు 0.25 ఈయూ. గాజు సామాను అల్యూమినియం ఫాయిల్ చుట్టి 250 డిగ్రీల పొడి వేడిలో కనీసం 30 నిమిషాలు కాల్చండి. ప్లాస్టిక్ అయితే పైరోజెన్ ఫ్రీ అని రాసి ఉన్నది, కొత్త ప్యాకెట్. నెలల తరబడి తెరిచి ఉన్న ఉప్పు డబ్బాలో చెంచా పెట్టి తీసిన సోడియం క్లోరైడ్ వద్దు. ఎల్యూషన్ బఫర్‌ను మాత్రం ఒక్కసారి విడిగా ఎల్ఏఎల్‌లో పెట్టండి. ఇమిడజోల్ పొడి నుంచే ఎండోటాక్సిన్ వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఎంత తక్కువైతే చాలు? అందరూ అడిగేది ఇదే, అందరూ సగం జవాబే వింటారు. 1 ఈయూ అంటే దాదాపు 0.1 నానోగ్రాముల ఎల్‌పీఎస్. మీ 500 ఈయూ ప్రోటీన్‌ను మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు వేస్తే కణాలకు అందేది 5 ఈయూ, అంటే అర నానోగ్రాము. మాక్రోఫేజ్‌లకు అది ధారాళం, టీఎన్ఎఫ్ రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కణాల మీద చివరగా పడేది మిల్లీలీటరుకు 0.05 ఈయూ దాటకూడదని పెట్టుకుంటే మీ ప్రోటీన్ మిల్లీగ్రాముకు 5 ఈయూకి దిగాలి. వంద రెట్లు. ట్రైటాన్ పద్ధతి అందుకోగలిగే దూరమే.

కొనే ప్రోటీన్ల సీసా మీద మైక్రోగ్రాముకు 1 ఈయూ కన్నా తక్కువ అని ఉంటుంది. లెక్కేసి చూడండి, అది మిల్లీగ్రాముకు 1000 ఈయూ, మీ మొదటి బ్యాచ్ కన్నా ఎక్కువ. సైటోకైన్లను నానోగ్రాముల్లో వాడతారు కాబట్టి వాళ్లకు చెల్లుతుంది. పది మైక్రోగ్రాములు వేసే మీకు చెల్లదు. అందుకే మైక్రోగ్రాముకు ఎంత అన్నదాని కన్నా, కణాలున్న ప్లేటు గుంతలో చివరికి మిల్లీలీటరుకు ఎంత అన్నదే చూడండి. మనుషుల మోనోసైట్లు, డెండ్రిటిక్ కణాలు పికోగ్రాముల ఎల్‌పీఎస్‌కే కదులుతాయి. మీ సొంత కణాలతో ఎల్‌పీఎస్ డోస్ కర్వ్ ఒకటి వేసుకుంటే పుస్తకాల్లో పరిమితులు వెతకాల్సిన పనిలేదు. ఎలుకలకు ఇంజెక్ట్ చేసే ఆలోచన ఉంటే, మందులకు పెట్టిన పరిమితి కిలో శరీర బరువుకు గంటకు 5 ఈయూ అని గుర్తుంచుకుని అంతకన్నా బాగా కింద ఉండండి.

సంఖ్య దిగినా టీఎన్ఎఫ్ మీ ప్రోటీన్‌దేనని రుజువు కాదు. హీట్ షాక్ ప్రోటీన్ల కథ మీకు తెలిసే ఉంటుంది. హెచ్ఎస్‌పీ70, హెచ్ఎస్‌పీ60 మాక్రోఫేజ్‌లను రేపుతాయని చాలా పేపర్లు వచ్చాయి. 2003లో గావ్, త్సాన్ అనే పరిశోధకులు ఎండోటాక్సిన్ బాగా తగ్గించిన హెచ్ఎస్‌పీ70 వాడితే టీఎన్ఎఫ్ రాలేదు, అంతకుముందు కనిపించింది కాలుష్యం పనే అని తేల్చారు. అంతకుముందువాళ్లు కంట్రోల్ పెట్టలేదా అంటే పెట్టారు, మరగబెట్టి చూశారు. మరగబెడితే ప్రోటీన్ చస్తుంది, ఎల్‌పీఎస్ చావదు అన్నది అందరి నమ్మకం. గావ్, త్సాన్ చూపించింది ఏమిటంటే, శాంపిల్‌లో ఉన్నంత తక్కువ మోతాదులో ఎల్‌పీఎస్ కూడా మరగబెడితే శక్తి కోల్పోతుందని. కాబట్టి మరగబెట్టే కంట్రోల్ పెడితే పక్కనే మీ శాంపిల్‌లో ఉన్నంతే ఎల్‌పీఎస్ కలిపిన బఫర్‌ను కూడా అదే సేపు మరగబెట్టండి. మైక్రోగ్రాముల ఎల్‌పీఎస్‌ను మరగబెట్టి చూపిస్తే అది కంట్రోల్ కాదు.

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నవి రెండు. ఒకటి, టీఎల్ఆర్4 (కణాల మీద ఎల్‌పీఎస్‌ను గుర్తుపట్టే రిసెప్టర్) లేని ఎలుకల మాక్రోఫేజ్‌లు, లేదా టీఎల్ఆర్4 పాడైన సీ3హెచ్/హెచ్ఈజే ఎలుకలవి. వాటిలో కూడా టీఎన్ఎఫ్ వస్తే కనీసం ఎల్‌పీఎస్ కాదు. అయినా బ్యాక్టీరియా లైపోప్రోటీన్లు కావచ్చు, అవి టీఎల్ఆర్2 దారిలో వెళ్తాయి, ఎల్ఏఎల్‌కు కనబడనే కనబడవు. రెండోది మాక్ ప్రెప్: ఖాళీ వెక్టర్ ఉన్న బీఎల్21ను అదే రోజు, అదే బఫర్లతో, అదే కాలమ్ పద్ధతిలో నడిపి వచ్చిన ఎల్యూషన్‌ను అంతే వాల్యూములో కణాలకు వేయడం. జెల్ మీద ఏమీ కనబడని ఆ గొట్టం టీఎన్ఎఫ్ తెప్పించిందంటే ఇక వాదన అక్కర్లేదు. పనికిమాలిన పనిలా కనబడి అందరూ వదిలేసేది దీన్నే.

హోస్ట్ మార్చే ఆలోచన కూడా చెడ్డది కాదు. క్లియర్‌కోలై రకం బ్యాక్టీరియాలో లిపిడ్-ఎను కుదించేశారు, మనుషుల టీఎల్ఆర్4 దానికి కదలదు. నెమ్మదిగా పెరుగుతుంది, దిగుబడి తగ్గొచ్చు. మీరు వాడేది ఎలుకల మాక్రోఫేజ్‌లైతే జాగ్రత్త, మిగిలిన లిపిడ్-4ఎకు ఎలుకల టీఎల్ఆర్4 కొంత స్పందిస్తుంది. హెచ్ఈకే293 లాంటి మనిషి కణాలకు వెళ్తే మూలంలోనే ఎల్‌పీఎస్ ఉండదు, కానీ పైన చెప్పిన నీళ్లు, గాజు, రెసిన్ జాగ్రత్తలన్నీ అక్కడా తప్పవు.

మీ చేతిలో ఉన్న 500 ఈయూ బ్యాచ్‌కు నేనైతే ఇలా చేస్తాను: మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాముకు పల్చన చేసి, రెండు విడతల ఫేజ్ సెపరేషన్, కొత్త నికెల్ రెసిన్ మీద మళ్లీ ఎక్కించి 1 మోలార్ ఉప్పుతో వాష్, తర్వాత మామూలు ఉప్పుతో వాష్, ఎల్యూషన్, కాల్చిన గాజులో డయాలిసిస్. ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న వాటాలుగా ఫ్రీజ్ చేసి, అందులో ఒక వాటాను కరిగించి ఎల్ఏఎల్ పెట్టండి, ఫ్రీజ్ చేయకముందు పెట్టిన రీడింగ్‌తో సరిపెట్టుకోకుండా. అప్పటికీ 5కి దిగకపోతే మూడు డైల్యూషన్ల రీడింగులు, స్పైక్ రికవరీ శాతాలు, ఖాళీ ఎల్యూషన్ బఫర్ రీడింగ్, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఎండోటాక్సిన్ ప్రోటీన్‌ను వదలడం లేదా, లేక బఫర్ నుంచి కొత్తగా చేరుతోందా అన్నది వాటిలోనే తెలుస్తుంది.